సూపర్‌చార్జర్ బిగించాక నిజంగా పెరిగింది ఎంత? ఒక స్పోర్ట్స్ సెడాన్‌పై ఎనిమిది నెలల కొలతలు

నా స్పోర్ట్స్ సెడాన్‌కు సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే కంప్రెసర్) కిట్ బిగించి ఎనిమిది నెలలైంది. బండిలో ఉన్నది 3 లీటర్ల, ఆరు సిలిండర్ల, టర్బో లేని ఇంజిన్. క్రాంక్ షాఫ్ట్ దగ్గర, అంటే బలం ఇంజిన్ నుంచి బయటికి వచ్చే చోట, 230 హెచ్‌పీ (హార్స్‌పవర్) అని తయారీ సంస్థ లెక్క. కిట్ అమ్మినవారు మరో 80 హెచ్‌పీ పెరుగుతుందని చెప్పారు. బిగించిన వర్క్‌షాప్ చేతికిచ్చిన డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పించి బలం కొలిచే యంత్రం) కాగితంలో చక్రాల దగ్గర 67 పెరిగినట్టు ఉంది. నేను లెక్క సరిచేసి చూస్తే 57 తేలింది. అదే యంత్రం మీద ఆరు రన్‌లు (కొలత పరుగులు) వరసగా చేసేసరికి ఆ 57 కాస్తా 43కు దిగింది. నాలుగు అంకెలూ ఒకే బండివి, ఒకే కిట్‌వి. వాటిలో ఏదీ ఊహించి రాసినది కాదు. అయినా కొనేవాడికి చివరికి దక్కేది ఏదో తెలియాలంటే ఆ అంకెలు ఎక్కడ, ఎలా పుట్టాయో చూడక తప్పదు. అందుకే ఈ సమీక్షలో కిట్ గురించి ఎంత చెబుతానో, దాన్ని కొలిచిన తీరు గురించి అంతకన్నా ఎక్కువ చెబుతాను.

మొదట పాత లెక్క తీయాలి. సూపర్‌చార్జర్ బిగించేవారిలో చాలామంది ఈ మెట్టును దాటవేసి, తయారీ సంస్థ పుస్తకంలో ఉన్న అంకెనే పాత లెక్కగా పెట్టుకుంటారు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ పుస్తకంలో ఉన్నంత ఇస్తుందన్న నమ్మకం లేదు, పైగా పుస్తకంలో ఉన్నది క్రాంక్ దగ్గర లెక్క, డైనో చూపేది చక్రాల దగ్గర లెక్క. నేను కిట్ పెట్టె విప్పకముందే ఆరు సిలిండర్ల కంప్రెషన్ చూపించి, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు కొత్తవి వేయించి, టైర్లలో గాలి ఒక అంకెకు సరిచేసి, దాన్ని పుస్తకంలో రాసిపెట్టుకుని, ఆ తర్వాతే రోలర్ డైనో ఎక్కించాను. నీరసంగా ఉన్న ఇంజిన్‌ను ముందు కొలిచి, సర్వీస్ చేసి కిట్ బిగించాక మళ్లీ కొలిస్తే, సర్వీస్ వల్ల వచ్చిన బలం కూడా సూపర్‌చార్జర్ ఖాతాలోనే పడుతుంది.

నాలుగో గేరులో మూడు రన్‌లు చేస్తే 193, 194, 195 హెచ్‌పీ వచ్చాయి. పది రోజుల తర్వాత అదే యంత్రం మీద అదే బండి 191 చూపింది. ఈ చిన్న తేడానే నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం, ఎందుకంటే ఏమీ మార్చకుండానే యంత్రం మూడు నాలుగు హెచ్‌పీ అటూ ఇటూ ఊగుతుందని అది చెబుతోంది. కాబట్టి 4 హెచ్‌పీ లోపు వచ్చే ఏ మార్పునూ నేను పెరుగుదలగా లెక్కించలేదు. ఫిల్టర్ మార్చి 5 హెచ్‌పీ వచ్చిందని ఒకే ఒక్క రన్ చూపించి చెప్పేవారి మాటను ఈ అనుభవం తర్వాత నేను నమ్మలేకపోతున్నాను. నా పాత లెక్క 194గా ఖాయం చేసుకున్నాను. క్రాంక్ దగ్గర 230, చక్రాల దగ్గర 194 అంటే మధ్యలో గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్లు కలిసి దాదాపు 16 శాతం తింటున్నాయి. ఈ లెక్కన కిట్ అమ్మినవారు చెప్పిన 80 హెచ్‌పీ చక్రాల దగ్గరికి వచ్చేసరికి 67 చిల్లరవుతుంది. ఈ అంకెతో మళ్లీ పని పడుతుంది.

ఇక కిట్ సంగతి. సెంట్రిఫ్యూగల్ సూపర్‌చార్జర్ చూడటానికి టర్బోలాగే నత్తగుల్ల ఆకారంలో ఉంటుంది. టర్బోను పొగ తిప్పితే దీన్ని క్రాంక్ పుల్లీ నుంచి వచ్చే బెల్టు తిప్పుతుంది. మరో రకం సూపర్‌చార్జర్లైన రూట్స్ రకం బ్లోయర్లు తక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే నిండుగా గాలి తోస్తాయి. సెంట్రిఫ్యూగల్ రకంలో మాత్రం ఒత్తిడి దాదాపు ఆర్‌పీఎం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. నా బండిలో 5,000 ఆర్‌పీఎం దగ్గర బూస్ట్ (బయటి గాలి కన్నా అదనంగా ఉన్న ఒత్తిడి) 0.24 బార్, వర్గం లెక్క ప్రకారం 6,500 దగ్గర 0.41 రావాలి, బెల్టు సరిగా ఉన్నప్పుడు అంతే వస్తోంది. 3,000 దగ్గర 0.09 కూడా లేదు. ఈ కిట్ మంచిచెడ్డలన్నీ ఈ వంపులోనే ఉన్నాయి.

బూస్ట్ 0.41 బార్ అంటే ఇంజిన్‌లోకి 41 శాతం ఎక్కువ గాలి వెళుతుందని చాలామంది అనుకుంటారు. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. బయట 30 డిగ్రీలు ఉన్న గాలిని 1.41 రెట్లు నొక్కితే, కంప్రెసర్ సామర్థ్యం 65 శాతం అనుకున్నా, అది సుమారు 78 డిగ్రీలతో బయటికి వస్తుంది. అప్పుడు సాంద్రత పెరిగేది 22 శాతమే. అదే గాలిని ఇంటర్‌కూలర్‌తో (గాలిని చల్లార్చే రేడియేటర్ లాంటి పెట్టె) 44 డిగ్రీలకు దించితే సాంద్రత దాదాపు 35 శాతం పెరుగుతుంది. అంటే కిట్‌లో మూడో వంతుకు పైగా విలువ ముందు బంపర్ వెనక ఉన్న ఆ అల్యూమినియం పెట్టెదే. ఇంటర్‌కూలర్ లేని చవక కిట్ కూడా అదే సంస్థ అమ్ముతోంది. ఈ లెక్క చేసుకున్నవారెవరూ దాన్ని కొనరని నా అభిప్రాయం.

ఈ గాలిని తోసే శ్రమ కూడా ఇంజిన్‌దే. పైఅంచున సెకనుకు సుమారు 0.22 కిలోల గాలి వెళుతోందని, అది 48 డిగ్రీలు వేడెక్కుతోందని లెక్కవేస్తే, సూపర్‌చార్జర్‌ను తిప్పడానికే 10 కిలోవాట్ల పైచిలుకు, అంటే దాదాపు 14 హెచ్‌పీ పోతోంది. సాంద్రత 35 శాతం పెరిగినా డైనో మీద 29 శాతమే కనిపించడానికి ఒక కారణం ఇది. రెండో కారణం ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం. సంపీడన నిష్పత్తి 10.2 ఉన్న ఇంజిన్‌లోకి బూస్ట్ తోస్తే నాకింగ్ (ఇంధనం అదుపు లేకుండా తనంతట తానే పేలడం) రాకుండా టైమింగ్‌ను వెనక్కి లాగాలి, ఇంధనాన్ని చిక్కగా ఇవ్వాలి. మామూలుగా 14.7 ఉండే గాలి, పెట్రోలు పాళ్లను ఈ కిట్ మ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగుల పట్టిక) పూర్తి బూస్ట్ దగ్గర 11.8కి తెచ్చింది, ఇంజెక్టర్లు 82 శాతం సమయం తెరుచుకుని ఉంటున్నాయి. రెండూ నెమ్మది మనిషి చేసిన పనిలా ఉన్నాయి. ఇంకో నాలుగు హెచ్‌పీ చూపించాలన్న ఆత్రం మ్యాప్‌లో ఎక్కడా లేకపోవడం నాకు బాగా నచ్చింది.

ఇప్పుడు వర్క్‌షాప్ ఇచ్చిన కాగితం గురించి. బిగింపు పూర్తయిన రోజు నాకు రంగుల్లో అచ్చువేసిన గ్రాఫ్ ఇచ్చారు: కింది గీత 194 దగ్గర, పై గీత 261 దగ్గర ఆగాయి. తేడా 67. కిట్ అమ్మినవారి 80 హెచ్‌పీని చక్రాల దగ్గరికి మార్చితే వచ్చే అంకె కూడా అదే. చెప్పిన మాట అచ్చంగా నిజమైందని ఆ సాయంత్రమంతా సంతోషపడ్డాను. మర్నాడు ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి చూస్తుంటే, కింది మూలలో గోరు కన్నా చిన్న అక్షరాల్లో రెండు గీతలకూ రెండు వేర్వేరు గుర్తులు కనిపించాయి. పాత గీత పక్కన ఎస్‌ఏఈ అని, కొత్త గీత పక్కన ఎస్‌టీడీ అని ఉంది.

ఇది తెలియనివారికి కాస్త వివరంగా చెప్పాలి. చల్లటి, ఒత్తిడి గల గాలిలో ఏ ఇంజిన్ అయినా ఎక్కువ బలం ఇస్తుంది కాబట్టి, డైనో సాఫ్ట్‌వేర్ ఆ రోజు వాతావరణాన్ని బట్టి అంకెను ఒక ప్రామాణిక వాతావరణానికి మారుస్తుంది. ఎస్‌ఏఈ జే1349 అనే ప్రమాణం 25 డిగ్రీల వేడి, 99 కిలోపాస్కల్స్ పొడి గాలి అనుకుంటుంది. దానికన్నా పాతదైన ఎస్‌టీడీ లెక్క 15.5 డిగ్రీల చల్లటి గాలిని, ఇంకాస్త ఎక్కువ ఒత్తిడిని అనుకుంటుంది. అందుకే ఒకే రన్‌ను ఎస్‌టీడీలో చూస్తే ఎస్‌ఏఈ కన్నా సుమారు 4 శాతం ఎక్కువ కనిపిస్తుంది. 250 హెచ్‌పీ ఇచ్చే బండి మీద 4 శాతం అంటే 10 హెచ్‌పీ. వర్క్‌షాప్‌కు వెళ్లి అసలు ఫైలు అడిగి, రెండు రన్‌లనూ ఒకే లెక్కలో పెట్టమంటే కొత్త గీత 251కి దిగింది. ఆ రోజు డైనో దగ్గరున్న మనిషి మారాడని, కొత్తగా వచ్చినతను సెట్టింగ్ చూసుకోలేదని చెప్పారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ నేను ఆ మూల చూడకపోయి ఉంటే, లేని 10 హెచ్‌పీని ఉందని నలుగురికీ చెబుతూ తిరిగేవాణ్ని. హెచ్‌పీ అన్న మాటలోనూ ఇలాంటి చిన్న మెలిక ఉంది: మెట్రిక్ హెచ్‌పీ 0.7355 కిలోవాట్లు, బ్రిటిష్ హెచ్‌పీ 0.7457 కిలోవాట్లు. తేడా ఒకటిన్నర శాతం లోపే అయినా, ముందు కాగితం ఒకదానిలో, తర్వాతి కాగితం ఇంకోదానిలో ఉంటే మరో మూడు హెచ్‌పీ తారుమారవుతాయి. కిలోవాట్లలో అడిగి తీసుకుంటే ఆ గొడవే ఉండదు.

ఈ సందర్భంలో ఒక పాత సంగతి గుర్తొస్తుంది. 1921లో బెర్లిన్ మోటార్ ప్రదర్శనలో మెర్సిడెస్ సూపర్‌చార్జర్ ఉన్న కార్లను చూపించింది. తర్వాత అలాంటి కార్ల పేర్లు 6/25/40, 10/40/65 అని ఉండేవి. మొదటిది పన్ను కోసం వేసే హెచ్‌పీ, రెండోది సూపర్‌చార్జర్ కలవకుండా ఇంజిన్ ఇచ్చేది, మూడోది కలిసినప్పుడు ఇచ్చేది. యాక్సిలరేటర్‌ను అడుగుదాకా తొక్కితేనే అప్పట్లో ఆ కంప్రెసర్ పనిలోకి వచ్చేది. ముందెంత, తర్వాతెంత అన్నది బండి పేరులోనే పక్కపక్కన రాసి పెట్టిన ఆ పద్ధతి నాకు ఎంతో నిజాయతీగా అనిపిస్తుంది.

అయితే 251 అన్న అంకె కూడా పూర్తి కథ చెప్పదు. గరిష్ఠం నుంచి గరిష్ఠం తీసేస్తే 57 వస్తుంది, కానీ పాత గరిష్ఠం 5,900 ఆర్‌పీఎం దగ్గర, కొత్తది 6,400 దగ్గర ఉన్నాయి. ఒకే ఆర్‌పీఎం దగ్గర రెండు గీతలనూ పోల్చి చూశాను. 3,000 దగ్గర 107 ఉన్నది 112 అయింది. ఆ 5 హెచ్‌పీ యంత్రం ఊపు కన్నా పిసరంతే ఎక్కువ. 4,000 దగ్గర 142 నుంచి 156కి, 5,000 దగ్గర 172 నుంచి 201కి పెరిగింది. పాత ఇంజిన్ అలసిపోయి 187కి జారిన 6,400 దగ్గర ఇప్పుడు 251 ఉంది, అంటే ఏకంగా 64 తేడా. 3,000 నుంచి 6,500 దాకా మొత్తం గీతకు సగటు తీస్తే పెరుగుదల 28 హెచ్‌పీ. అమ్మేవారు అచ్చువేసేది 57 లేదా 64. ఆ ఆర్‌పీఎంల మధ్య ఇంజిన్ తిరుగుతున్నంతసేపు నా కాలికి అందేది సగటున 28. నేను ఈ కిట్‌ను ఎవరికైనా వివరించాల్సి వస్తే ముందుగా చెప్పేది ఈ 28 గురించే.

డైనో మీద కనిపించినది దారిలో కనిపిస్తుందా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికోసం పోటీలకు వాడే మూసిన ట్రాక్ మీద, సెకనుకు పదిసార్లు వేగం నమోదు చేసే జీపీఎస్ పరికరంతో కొలిచాను. సున్నా నుంచి 100 అన్న పరీక్షను నేను పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే అందులో క్లచ్ వదిలిన తీరు, టైరు పట్టు, గేరు మార్చిన చురుకుదనం ఇంజిన్ బలం కన్నా ఎక్కువ మాట్లాడతాయి. గేరు మార్చకుండా, నాలుగో గేరులోనే 80 నుంచి 120 కి.మీ. దాకా, మళ్లీ 120 నుంచి 160 దాకా పట్టే కాలాన్ని చూశాను. ట్యాంకులో పెట్రోలు సగానికి ఉంచి, ఒక్కడినే కూర్చుని, అదే టైర్లతో, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చొప్పున నాలుగు జతల పరుగులు తీసి సగటు వేశాను. రెండు వైపులా ఎందుకంటే, కంటికి కనిపించని వాలు కూడా లెక్కను పాడుచేస్తుంది: నాతో కలిపి 1,560 కిలోలున్న బండి 160 కి.మీ. వేగంలో ఒక్క శాతం వాలు దిగితే దాదాపు 7 కిలోవాట్లు, అంటే 9 హెచ్‌పీ ఉచితంగా అందుతుంది.

80 నుంచి 120కి ముందు 6.0 సెకన్లు పట్టేది, ఇప్పుడు 5.5 పడుతోంది. 120 నుంచి 160కి ముందు 6.8 పట్టేది, ఇప్పుడు 5.5 పడుతోంది. మొదటి పరుగులో ఇంజిన్ 3,000, 4,500 ఆర్‌పీఎంల మధ్య ఉంటుంది, రెండోదానిలో 4,500, 6,000 మధ్య ఉంటుంది. ఒకదానిలో అర సెకను, రెండోదానిలో 1.3 సెకన్లు మిగలడానికి కారణం ఆ వర్గం వంపే. డైనో గీతను చదివితే ఏం జరగాలో, ట్రాక్ మీద అదే జరిగింది. 402 మీటర్ల పరుగులో చివరి గీత దాటే వేగం 152 నుంచి 162 కి.మీ.కు పెరిగింది. ఈ వేగం బండి బరువుకు తగిన బలానికి ఘనమూలంగా పెరుగుతుందన్నది డ్రాగ్ పందేల వారందరూ వాడే మోటు లెక్క. కిట్ వల్ల అదనంగా చేరిన 24 కిలోలను కూడా కలిపి వెనక్కి లెక్కేస్తే, పరుగు మొత్తం మీద సగటున 23 శాతం బలం పెరిగినట్టు తేలింది. డైనో గరిష్ఠం చెప్పింది 29 శాతం. గేరు మారిన ప్రతిసారీ ఆర్‌పీఎం పడిపోయి బూస్ట్ తగ్గుతుంది కాబట్టి ఈ తేడా ఉండాల్సిందే. లేకపోతే నా కొలతలను నేనే అనుమానించేవాణ్ని.

వేడి విషయం ఇంకా చెప్పలేదు, ఈ కిట్‌కు అసలు పరీక్ష అదే. అదే డైనో మీద, ముందు ఫ్యాను పెట్టి, రెండు నిమిషాల విరామంతో ఆరు రన్‌లు వరసగా చేశాను. మొదటిదానిలో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి 44 డిగ్రీలుంటే 251 హెచ్‌పీ వచ్చింది. మూడోదానికి గాలి 56 డిగ్రీలకు చేరి అంకె 245కి దిగింది. ఆరోదానికి 71 డిగ్రీలు, 235 హెచ్‌పీ. నాక్ సెన్సర్ అప్పటికి టైమింగ్‌ను 3 డిగ్రీలు వెనక్కి లాగింది. కిట్ బిగించకముందు ఇదే పరీక్షలో 194 నుంచి 192కి మాత్రమే దిగింది. మొత్తం బలంలో చూస్తే 251 నుంచి 235 అంటే 6 శాతమే పోయింది, చెప్పుకోదగ్గ నష్టం కాదనిపిస్తుంది. కానీ నేను డబ్బు పెట్టింది మొత్తం బలానికి కాదు, పెరిగిన 57కు. ఆరో రన్‌లో 235 నుంచి పాత 192 తీస్తే, ఆ 57లో నుంచి 14 పోయి 43 మిగిలింది, అంటే కొనుక్కున్నదానిలో పావు వంతు ఆవిరైపోయింది. ఏ కిట్‌నైనా ఇలాగే కొలవాలని, పోయినదాన్ని పెరిగినదాంతోనే పోల్చాలని నేను గట్టిగా నమ్ముతాను. ఒక్క రన్ కాగితం చూపి అమ్మేవారిని ఆరో రన్ కాగితం కూడా అడగండి.

డైనో ఫ్యాను గాలి నిజమైన దారి గాలికి సాటి రాదు కాబట్టి ఇక్కడ కిట్‌కు కొంత న్యాయం చేయాలి. ట్రాక్ మీద ఆగకుండా తిరుగుతున్నప్పుడు ఇంటర్‌కూలర్‌కు నిండుగా గాలి తగిలి, లోపలికి వెళ్లే గాలి 52 డిగ్రీల దగ్గర నిలబడింది. ట్రాఫిక్‌లో పావుగంట నిలబడి ఒక్కసారిగా తొక్కితే మాత్రం మొదటి పదిహేను సెకన్లు బండి మందంగా కదులుతుంది, అది నడిపే మనిషికి స్పష్టంగా తెలుస్తుంది.

కిట్‌లో నాకు నిజంగా ఇబ్బంది పెట్టిన లోపం ఒకటుంది. బిగించి 3,000 కిలోమీటర్లు తిరిగాక మామూలుగా లాగ్ (ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన అంకెలు) తీసి చూస్తే, బూస్ట్ గీత 5,800 ఆర్‌పీఎం దాకా వంపు ప్రకారమే లేచి 0.32 బార్ దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి 6,500 దాకా నేలమీద గీసినట్టు సమంగా ఉంది. బెల్టుతో క్రాంక్‌కు ముడిపడి తిరిగే కంప్రెసర్ ఇంజిన్ వేగం పెరుగుతుంటే ఒత్తిడి పెంచకుండా ఉండలేదు. కాబట్టి మధ్యలో ఎక్కడో జారుతోంది. ఆ రోజే డైనో మీద పెడితే 236 వచ్చింది. బానెట్ ఎత్తి టార్చి వేసి చూశాను. సూపర్‌చార్జర్ పుల్లీ పక్కన ఉన్న బ్రాకెట్ మీద కాటుకలాంటి నల్లటి మెత్తటి పొడి పేరుకుని ఉంది, వేలితో తుడిస్తే అంటుకుంది. బెల్టు లోపలి వైపు గరుకుగా ఉండాల్సిన గాళ్లు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి, కానీ ముట్టుకుంటే పొడిగానే ఉన్నాయి. ఆ మెరుపు జారి జారి కాలిన రబ్బరుది.

కారణం తరచి చూస్తే, ఆ చిన్న పుల్లీని బెల్టు చుట్టుకున్న భాగం మూడో వంతు కూడా లేదు, పట్టు చాలక పైవేగంలో జారుతోంది. బెల్టును బిగించి ఉంచే టెన్షనర్ బిగువు ఎంత ఉండాలో బిగింపు పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది, అందులో కొలత లేదు. నా ఫిర్యాదుకు కిట్ సంస్థ వారం లోపు మార్చిన టెన్షనర్‌ను, బెల్టును ఎక్కువ చుట్టించే అదనపు ఐడ్లర్ పుల్లీని పంపింది, అందుకు వారిని మెచ్చుకోవాలి. అవి బిగించాక బూస్ట్ మళ్లీ 0.41కి, బలం 251కి వచ్చాయి. పైన చెప్పిన ట్రాక్ పరుగులు, ఆరు రన్‌ల పరీక్ష అన్నీ ఈ మరమ్మతు తర్వాతివే. ఈ అదనపు పుల్లీ పెట్టెలో మొదటి నుంచీ ఉండాల్సిన వస్తువు. బూస్ట్ లాగ్ తీసే అలవాటు లేనివారు, 15 హెచ్‌పీ పోయిన సంగతి తెలియకుండానే, బండి అలవాటైపోయి మందంగా అనిపిస్తోందని సరిపెట్టుకుంటారు.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. బ్రాకెట్ల తయారీ, పైపుల అతుకులు బాగున్నాయి. ఎనిమిది నెలల్లో ఎక్కడా గాలి కారలేదు. ఉదయం చల్లని ఇంజిన్ మొదటిసారికే పట్టుకుని నిలకడగా తిరుగుతోంది. నెమ్మదిగా వెళ్లేటప్పుడు బైపాస్ వాల్వ్ తెరుచుకుని గాలిని వెనక్కి తిప్పుతుంది కాబట్టి పెట్రోలు ఖర్చు పెద్దగా పెరగలేదు, 100 కి.మీ.కు 9.4 లీటర్లు ఉండేది 9.7 అయింది. 4,000 దాటాక సన్నటి ఈల లాంటి గేరు శబ్దం లోపలికి వినిపిస్తుంది, నాకు అది ఇష్టమే, వెనక కూర్చున్నవారికి కాదు. ట్రాక్ మీద ఇంజిన్ ఆయిల్ 104 డిగ్రీల నుంచి 112కి పెరిగింది, అందుకని ఆయిల్ మార్చే గడువును సగానికి తగ్గించాను.

ఇంజిన్‌ను 5,000 పైన తిప్పడానికి ఇష్టపడేవారికి, ట్రాక్‌కు వెళ్లేవారికి, టర్బో లేని ఇంజిన్ స్వభావం చెడకుండా అదే గీత ఇంకాస్త పైకి సాగాలని కోరుకునేవారికి ఈ కిట్‌ను సందేహం లేకుండా సిఫారసు చేస్తాను. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ వెంటనే, దామాషాగా బలం రావడంలో ఇది కొత్త బండి కొన్నంత సంతోషం ఇచ్చింది. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు 2,500 దగ్గర తిరిగేవారికి మాత్రం ఇది పనికిరాదు, వారికి రూట్స్ రకమో, ట్విన్ స్క్రూ రకమో నప్పుతుంది. బిగించే ముందు వర్క్‌షాప్‌తో మాట్లాడి, ముందు రన్, తర్వాతి రన్ ఒకే యంత్రం మీద, ఒకే గేరులో, ఒకే సవరణ లెక్కలో ఉండాలని, అచ్చు కాగితంతో పాటు అసలు ఫైలు కూడా ఇవ్వాలని ఒప్పించుకోండి.

నేను 5,000 కిలోమీటర్లకు ఒకసారి బెల్టు విప్పి గాళ్లు చూస్తున్నాను, నెలకోసారి నాలుగో గేరులో ఒక లాగ్ తీసి 5,000 దగ్గర 0.24, 6,500 దగ్గర 0.41 ఉన్నాయో లేదో సరిచూస్తున్నాను. మొన్న ఆదివారం తీసిన లాగ్‌లో 6,500 దగ్గర 0.40 ఉంది, బ్రాకెట్ మీద పొడి లేదు.